జీవమ్మ తలగుడ్డ

బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో మా సెలూన్‌కి వచ్చే ఆడవాళ్లలో సగం మంది జీవమ్మను ముస్లిం అనుకునేవారు. తల మీద గుడ్డ అంత బిగుతుగా కట్టుకునేది మరి. నుదుటి దగ్గర ఒక్క వెంట్రుక కనిపించేది కాదు. చెవుల పక్కన ఒక్క పోచ బయటికి వచ్చేది కాదు. కొత్తగా వచ్చినవాళ్లు సలాం చెబితే తనూ సలాం చెప్పి, కుర్చీ చూపించి, "యల్లా, రండి మేడం" అనేది. అదే మనిషి ఇక్కడి వారాంతపు సెలవైన శుక్రవారం నాడు బైబిలు సంచీ భుజాన వేసుకుని చర్చికి వెళ్తుంటే చూసి, వాళ్లే నవ్వుకునేవారు.

నా పేరు నాగదుర్గ. మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు. ఏడేళ్ల కిందట ఈ సెలూన్‌లో నేల తుడవడానికి వచ్చి, జీవమ్మ పక్కన నిలబడి జుట్టు పని నేర్చుకున్నాను. ఆమె గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆమె నన్ను నాలుగు కొట్టి ఉంటే ఈపాటికి నేనూ మర్చిపోయేదాన్నేమో. కొట్టలేదు. అందుకే రాస్తున్నాను.

జీవమ్మది పాలకొల్లు వైపు పల్లెటూరు. భర్త పోయాక, పందొమ్మిదేళ్ల కిందట, ముహర్రక్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చింది. ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ముగ్గురికీ పొద్దున్నే తలలు దువ్వి, జడలు వేసి బడికి పంపడం ఆమె డ్యూటీ. ఆ ఇంటావిడ చెల్లెలే మా మేడం. జీవమ్మ చేతి పనితనం చూసి, వీసా కాగితాలు మార్పించి తన సెలూన్‌కి తెచ్చుకుంది. అప్పటినుంచీ సెలూన్ వెనక ఉన్న చిన్న గదిలోనే జీవమ్మ కాపురం. ముఖం కడుక్కోవాలన్నా ఆ గదిలోకి వెళ్లి గడియ వేసుకునేది.

"అక్కా, ఆ గుడ్డ తియ్యకుండానే పరలోకం ఎల్లిపోతావేంటి?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"ఎల్తే నీకేంటే? ముందు ఆ దువ్వెన్లు కడుగు," అనేది నవ్వుతూ.

వాళ్ల చర్చిలో ఆడవాళ్లు ప్రార్థన సమయంలో తల మీద ముసుగు వేసుకుంటారు. ఈమె భక్తి అందరికంటే రెండు మెట్లు పైన ఉందని, అందుకే ఇరవైనాలుగు గంటలూ తల కప్పుకుంటుందని నేను అనుకున్నాను. చర్చివాళ్లూ అలాగే అనుకున్నారు. పాస్టరు ఎలియేజరు గారైతే పెళ్లి కావలసిన ఆడపిల్లలకు జీవమ్మను చూపించి, చూసి నేర్చుకోమని చెప్పేవారట.

ఇక ఆమె పని. ఉంగరాల జుట్టు కానీ, చుట్టలు చుట్టుకుపోయి దువ్వెన దిగని జుట్టు కానీ, మందు చుక్క తగలకుండా ఒట్టి వేడితో సాపు చేసేది జీవమ్మ. ఆ విద్య ఆమెకు ఒక అమెరికా అమ్మాయి నేర్పింది. ఆ అమ్మాయి నల్లజాతి మనిషి, జుఫైర్ నేవీ బేసులో ఉద్యోగం. తన జుట్టుకు క్రీములు పెట్టనిచ్చేది కాదట. తన ఇనప దువ్వెన తనే తెచ్చుకుని, జీవమ్మకు సైగలతో నేర్పి, బదిలీ అయి పోతూ ఆ దువ్వెనను ఆమె చేతిలో పెట్టి పోయిందట. ఆ అమ్మాయి పేరు జీవమ్మకు నోరు తిరిగేది కాదు. "మా నేవీ పాప" అనేది. సొంత కూతురి గురించి చెప్పినట్టు చెప్పేది.

నాకు నేర్పేటప్పుడు మాత్రం నేవీ పాప ఓర్పు ఈమెకు లేదు. వేళ్ల మీద కొట్టేది. మొదటి పాఠం తలంటు. రెండుసార్లు షాంపూ పెట్టి, మాడంతా గట్టిగా రుద్ది, జిడ్డన్నది లేకుండా కడగాలి. నూనె తల మీద వేడి పెడితే వంకాయలు వేయించినట్టేనని చెప్పేది. మన తెలుగువాళ్లేమో కొబ్బరినూనె కారుతున్న తలలతో వచ్చి కూర్చునేవారు. వాళ్లకు చీవాట్లు తప్పేవి కాదు. తర్వాత జుట్టు పూర్తిగా ఆరాలి. నాలుగు భాగాలు చేసి, మూడింటికి క్లిప్పులు పెట్టి, నాలుగో దాంట్లోంచి వేలెడు వెడల్పు పాయ తీసుకునేది. ఇనప దువ్వెన వేడెక్కాక ముందు తెల్ల కాగితం మీద అద్దేది. కాగితం రంగు మారిందంటే దువ్వెనను పక్కన పెట్టి, కాసేపు ఆగి, మళ్లీ కాగితం మీదే చూసేది. కాగితం తెల్లగా ఉంటేనే తల మీదికి. అదీ పాయకు ఒక్కసారే.

"తొందరేంటే నీకు? కాగితం కాలితే ఇంకోటి తీసుకుంటాం. మనిషి తల కాలితే ఏం తెత్తావు?" అనేది.

ఇంతా చేస్తే ఆ సాపు నీళ్లు తగిలేదాకే. ఆగస్టు నెలలో బహ్రెయిన్ ఉక్క తెలిసిందే కదా. సెలూన్ తలుపు నుంచి కారు దాకా వెళ్లేలోపే కొసలు మెలి తిరిగేవి. కస్టమర్లు గొణిగేవారు. వాళ్ల కోసం మా దగ్గర క్రీము కూడా ఉండేది. క్రీము పెడితే నెలలు నిలుస్తుంది. ఆ పని ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి చేసేది. ఆ డబ్బా మూత తీసిందంటే చాలు, జీవమ్మ బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చునేది. వాసన పడదని చెప్పేది.

క్రీము డబ్బాల అర పైన, గోడకు ఒక పెద్ద ఫోటో ఉంది. ఎవరో ఒకామెను వెనక నుంచి తీశారు. ముఖం కనిపించదు. నడుము దాకా జారిన నల్లటి జుట్టు, ఎక్కడా ఒక్క వంపు లేకుండా మెరుస్తూ ఉంటుంది. కొత్త కస్టమర్ వస్తే మేడం ముందు ఆ ఫోటోనే చూపించేది. దాని అద్దం తుడవడం నా డ్యూటీ అయినా, నేను వచ్చేసరికే జీవమ్మ తుడిచేసి ఉండేది. ఆ ఫోటోలో ఎవరని ఒకసారి అడిగాను. "ఎవరో," అంది. నేను మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదా? ఏమో, నాకు తెలియదు.

మెర్సీ జీవమ్మ చెల్లెలి కూతురు. ఆ పిల్లకు పదేళ్లప్పుడు తల్లి కామెర్లతో పోయింది. జీవమ్మే ఇక్కడినుంచి చదివించింది. రెండేళ్ల కిందట సనాబిస్‌లో ఒక పిల్లల నర్సరీలో హెల్పర్ పని చూసి పిలిపించింది. ఆ పిల్ల ఎయిర్‌పోర్టులో దిగినరోజు నేనూ వెళ్లాను. సన్నగా ఉంది. తల మాత్రం ఇంతుంది. ఉంగరాలు, ఉంగరాల మీద ఉంగరాలు. "అక్కా, ఈ పిల్ల ముందొచ్చిందా, జుట్టు ముందొచ్చిందా?" అన్నాను. జీవమ్మ నవ్వలేదు. ఆ జుట్టులో చేతులు రెండూ పెట్టి, అలాగే నిలబడి ఏడ్చింది.

మెర్సీకి మాత్రం ఆ జుట్టంటే చచ్చేంత సిగ్గు. బడిలో దాన్ని పొద అని పిలిచేవారట. అందుకని ప్రతి గురువారం సాయంత్రం నర్సరీ అయ్యాక మా సెలూన్‌కి వచ్చేది. కస్టమర్లు వెళ్లాక జీవమ్మ దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మర్నాటి ఆరాధన కోసం జుట్టు సాపు చేసేది. మూడు గంటలు పట్టేది. రోజంతా నిలబడిన కాళ్లతో ఇంకో మూడు గంటలు. నేను విసుక్కుంటే, "వాళ్లమ్మ జుట్టు పట్టుకున్నట్టుంటాదే దుర్గా. నీకు తెలవదులే," అనేది. ఆ మూడు గంటలూ ఆమె ముఖంలో ఉన్న సంతోషం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఆ సాపు జుట్టుతోనే చర్చి వార్షికోత్సవంలో మెర్సీ శోభారాణి గారి కంట్లో పడింది. ఆమె కొడుకు గిడియోన్‌కి ముహర్రక్ ఎయిర్‌పోర్టులో కార్గో ఉద్యోగం. నెమ్మదైన పిల్లవాడు, తల దగ్గరగా కత్తిరించుకుని ఉంటాడు. శోభారాణి గారు మెర్సీ జుట్టు చేత్తో నిమిరి, "జుట్టంటే ఇలాగుండాలమ్మా. మా ఇంట్లో అందరియ్యీ పిచ్చికగూళ్లే," అని నవ్వారట. రెండు వారాల్లో పెళ్లి మాట కుదిరింది. జీవమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. సెలూన్‌లో అందరికీ తనే ఖర్జూరాలు పంచింది.

అయితే వాళ్ల సంఘంలో బాప్తిస్మం తీసుకోని పిల్లకు పెళ్లి చేయరు. మెర్సీ ఇంకా తీసుకోలేదు. వచ్చే శుక్రవారం మనామాలో చర్చి ఆవరణలోని తొట్టిలో పదిమందికి బాప్తిస్మం ఉంది, అందులో మెర్సీ పేరూ రాయించారు. అంటే నిండా నీళ్లలో మునగాలి. తల మునిగి లేచేసరికి వేడితో చేసిన సాపంతా పోతుంది. పొడుగ్గా జారే జుట్టు కళ్లముందే గిర్రున చుట్టుకుని చెవుల మీదికి ఎక్కుతుంది. ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడేది ఎవరో కాదు, శోభారాణి గారే. నీళ్లలోంచి లేచిన ఆడపిల్లను దగ్గరివాళ్లు తువ్వాలుతో అందుకుని తల తుడవడం అక్కడి అలవాటు. ఆ గౌరవం కాబోయే అత్తగారికి ఇవ్వాలని జీవమ్మే అడిగింది.

బాప్తిస్మానికి ముందువారం, గురువారం సాయంత్రం, మెర్సీ వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడింది.

"పెద్దమ్మా, ఈసారి క్రీము పెట్టు. నీళ్లలో మునిగినా పోదు."

"వద్దే."

"వాళ్లు ఈ జుట్టు చూసే ఒప్పుకున్నారు. అందరి ముందూ పొదలాగా లేత్తే ఆవిడ ఏమనుకుంటాది?"

"ఏమనుకుంటే అనుకోనీ. దేవుడిచ్చిన జుట్టుతోనే మునుగు. ఇట్టమైతే చేసుకుంటారు, లేపోతే లేదు."

"ఎందుకొద్దో చెప్పు మరి! ఆ ఫోటోలో ఆవిడకి ఎంత బాగా వచ్చిందో చూడు. నాకూ అలాగే వత్తాది."

జీవమ్మ ఫోటో వైపు చూసింది. చెయ్యి తలగుడ్డ మీదికి వెళ్లింది. మళ్లీ కిందికి దించేసింది. "నా చేత్తో ఆ డబ్బా ముట్టను. ఇంక ఆ మాట ఎత్తకు," అని లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. మెర్సీ అక్కడే కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. తల్లిలేని పిల్ల అంతగా బతిమాలుతుంటే ఒక్క డబ్బా మూత తీయడానికి ఇంత మొండితనమా అనుకున్నాను. ఈమె భక్తికి పిల్ల పెళ్లి బలి కావాలా అనుకున్నాను. నా సంగతి నాకు తెలుసు. కోపమొస్తే నాకు వెనకా ముందూ కనపడదు. మెర్సీ భుజం తట్టి, "ఊరుకో. మంగళవారం మీ పెద్దమ్మకి సెలవు. నువ్వు రా, నేను పెట్టేత్తాను," అన్నాను. అది నా మెడ పట్టుకుని నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. మర్నాటి ఆరాధనకు జుట్టంతా ముసుగు కింద ముడేసుకుని వెళ్లింది.

మంగళవారం జీవమ్మ పాస్టరు గారి భార్యతో కలిసి బాప్తిస్మానికి తెల్లబట్టలు కొనడానికి వెళ్లింది. ఫిలిప్పీన్స్ అమ్మాయి మధ్యాహ్నం దాకా రాదు. నేను ముందురోజే మెర్సీకి ఫోనులో చెప్పాను, శుభ్రంగా తలంటుకుని రమ్మని. మాకు ఏ మంచి పనైనా తలంటుతోనే మొదలు. పైగా జీవమ్మ నేర్పిన మొదటి పాఠం కూడా అదే కదా. మెర్సీ ఊరి నుంచి వచ్చిన కుంకుడుకాయల పొడి నానబెట్టి, గోళ్లతో మాడంతా బరబరా రుద్దుకుని, మెరిసిపోతూ వచ్చింది.

క్రీముకు అది పనికిరాదని నాకు తెలియదు. మాడు మీదుండే జిడ్డే మందు నుంచి చర్మాన్ని కాపాడుతుంది. రెండు మూడు రోజుల ముందునుంచీ తల కడగకూడదు, గోరు తగలనివ్వకూడదు. ఇదంతా డబ్బా వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఉంది. అన్నీ అయిపోయాక ఒకళ్లచేత చదివించుకుని తెలుసుకున్నాను. వేడి పనికి ఏది మొదటి మంచో, క్రీము పనికి అదే మొదటి తప్పు.

పెట్టిన కాసేపటికే మెర్సీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "దుర్గక్కా, మండుతుంది," అంది.

"మండుద్దిలే. ఇంకో అయిదు నిమిషాలు ఓర్చుకో."

మళ్లీ అంది. ఈసారి కళ్లలో నీళ్లున్నాయి. నేను ఒక పత్రిక తీసుకుని తల మీద విసురుతూ, "ఓర్చుకోవే, అత్తగారు మురిసిపోవాలా వద్దా?" అని నవ్వించాను. అది నవ్వింది కూడా. ఈ సంగతి చాలా రోజులు నేను ఎవరికీ చెప్పలేదు.

కడిగి ఆరబెట్టాక చూస్తే నిజంగానే ఫోటోలో జుట్టులాగే ఉంది. మెర్సీ వెళ్లి ఆ ఫోటో పక్కన, దాంట్లో ఆమె నిలబడ్డట్టే వెనక్కి తిరిగి నిలబడింది. నా ఫోనులో ఫోటో తీశాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. గురువారం ఉదయం సనాబిస్ నుంచి ఫోను చేసింది. మాడు మీద పొక్కులు లేచాయి, దిండుకు నీరు అంటుతోంది అని. కొబ్బరినూనె రాసుకోమన్నాను. "ముసుగుంటాదిగా, ఎవరికీ కనపడదులే. నీళ్లలో చల్లబడిపోద్ది," అన్నాను. సాపు చేయించుకోవడానికి సాయంత్రం రాలేదేమని జీవమ్మ ఫోనులో అడిగితే, నర్సరీలో ఓవర్‌టైం ఉందని మెర్సీ అబద్ధం చెప్పింది. జీవమ్మ, "పోన్లే, సొంత జుట్టుతోనే మునుగుతాది. నా మాట ఇంది," అని నాతో సంతోషంగా అంది. నేను తల దించుకుని దువ్వెనలు కడిగాను.

శుక్రవారం నన్నూ పిలిచారు. వెళ్లాను. తెల్లబట్టల్లో పదిమంది వరసగా నిలబడ్డారు. తొట్టిలో నడుము లోతు నీళ్లలో ఎలియేజరు గారు, ఆయనకు సాయంగా జాన్ పాల్ అనే సంఘపెద్ద నిలబడ్డారు. మెర్సీ నాలుగోది. ముసుగును నాలుగు పిన్నులతో బిగించుకుంది. మెట్లు దిగుతూ నా వైపు చూసి చిన్నగా నవ్వింది. పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరు చెప్పి వెనక్కి వంచి ముంచారు. అందరూ పాట ఎత్తుకున్నారు.

లేచింది. ముసుగు జారి మెడ మీద పడింది. జుట్టు చుట్టుకోలేదు. నల్లగా, తిన్నగా, వీపు మీద అతుక్కుని ఉంది. శోభారాణి గారు ముఖం నిండా నవ్వుతో మెట్ల మీదికి వంగి, తువ్వాలు తల మీద వేసి, చిన్నపిల్లకు తుడిచినట్టు గట్టిగా తుడిచారు. మెర్సీ కెవ్వుమంది. ఆవిడ బెదిరిపోయి తువ్వాలు తీసేశారు.

తువ్వాలులో జుట్టు వచ్చేసింది. నాలుగు పోచలు కాదు. ఒక జడంత జుట్టు. మెర్సీ నడినెత్తి మీద అరచేయంత మేర ఎర్రగా, పచ్చి పుండు. పాట కొందరి నోట్లో ఆగిపోయింది, వెనకున్నవాళ్లు తెలియక పాడుతూనే ఉన్నారు. మెర్సీ తడిబట్టల్లో వణుకుతూ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. శోభారాణి గారు ఆ తువ్వాలును ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. గిడియోన్ తల తిప్పుకున్నాడు. సిగ్గుతో తిప్పుకున్నాడో జాలితో తిప్పుకున్నాడో నేను చెప్పలేను.

జీవమ్మ మెర్సీని పొదివి పట్టుకుని, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్లింది. వెనకే నేనూ వెళ్లి తలుపు వేశాను. ఆమె నా వైపు తిరిగింది.

"ఎవరు పెట్టారు?"

"నేనే అక్కా."

చెయ్యి లేస్తుందనే అనుకున్నాను. లేవలేదు. ఆమె నా ముఖం చూసింది, పిల్ల తల చూసింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టి, తలగుడ్డ ముడి విప్పింది. ఏడేళ్లలో మొదటిసారి జీవమ్మ తల చూశాను. నుదుటి నుంచి నడినెత్తి దాటేదాకా వెంట్రుకన్నది లేదు. చర్మం ముడతలు పడి, గులాబీరంగు మచ్చలతో, కాలి మానిన చేతిలాగా ఉంది. చెవుల వెనక మాత్రం నెరిసిన ఉంగరాలు నాలుగు మిగిలాయి.

మెర్సీ ఏడుపు ఆపేసింది.

"సెలూన్లో గోడ మీద ఫోటో ఉంది చూడు, అది నేనే," అంది జీవమ్మ. "పన్నెండేళ్లయ్యింది. కొత్త క్రీమొచ్చిందని నా తల మీద చూపించారు. ఆ రోజే ఫోటో తీశారు. ఎనిమిదో రోజుకి జుట్టంతా దిండు మీదికొచ్చేసింది."

ఆ ఫోటో అద్దం ఆమె రోజూ ఎందుకు తుడిచేదో నాకు అప్పుడు అర్థమైంది. తన జుట్టును తను తుడుచుకునేది.

"మరి నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అంది మెర్సీ. "ఒక్కసారి చూపించుంటే నేను పెట్టించుకునేదాన్నా?"

"సిగ్గేసిందే," అంది జీవమ్మ. "చర్చిలో అందరూ నన్ను భక్తురాలన్నారు. నేను కాదనలేదు. నేవీ పాపకి తప్ప ఇంకెవరికీ చూపించలేదు. పోయినవారం నువ్వు అడిగినప్పుడు గుడ్డ మీద చెయ్యేశాను కూడా. తియ్యలేకపోయాను. నా సిగ్గు దాచుకోబోయి నీ తల తగలబెట్టాను తల్లీ."

తగలబెట్టింది నేను. ఆ మాట ఆమె అనలేదు. నాకు నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ తర్వాత తన తలగుడ్డను మెర్సీ తలకు కట్టింది. పుండుకు ఒరుసుకోకుండా ఎక్కడ వదులుగా ఉంచాలో, చెవుల దగ్గర ఎక్కడ బిగించాలో, పన్నెండేళ్లుగా తెలిసిన చేతులతో నెమ్మదిగా కట్టింది. పిల్ల చెయ్యి పట్టుకుని తలుపు తీసింది. మెర్సీ గుడ్డతో, జీవమ్మ బోడితలతో, చర్చి మొత్తం ముందు నడిచి వచ్చారు. ప్రార్థన జరుగుతోంది. ఆడవాళ్లందరి తలల మీదా ముసుగులున్నాయి. గుసగుసలు లేచాయి. ఎలియేజరు గారు కళ్లు తెరిచి చూసి, మాట తడబడి, మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థన ముగించారు.

రెండు రోజులకు శోభారాణి గారు ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. "ఉంగరాల జుట్టయితే ఏమైపోయిందమ్మా? మా వాడిదీ అంతే, అందుకే కదా కత్తిరించుకునేది. ఆ రోజు సరదాకన్నాను. కానీ జీవమ్మ గారూ, మీ ఇంట్లో అందరూ దాచారు. నాకు భయమేసిందండీ," అని ఫోను పెట్టేశారు. సంబంధం అక్కడితో తెగిపోయింది. డాక్టరేమో, చుట్టూ జుట్టు వస్తుంది కానీ నడినెత్తి మీద కుదుళ్లు చచ్చిపోయాయి, అక్కడ ఇక రాదని చెప్పాడు. ఇరవైమూడేళ్ల పిల్ల.

జీవమ్మ మళ్లీ తలగుడ్డ కట్టలేదు. బాప్తిస్మం మర్నాడే, శనివారం, అలాగే పనిలోకి వచ్చింది. కాలేజీకి వెళ్లే ఒక ఉంగరాల జుట్టు అమ్మాయి వచ్చి, ఫోటో చూపించి, అలా కావాలంది. జీవమ్మ ఆ అమ్మాయి ముందు తల వంచి, "అది నేనే మేడం. ఇది కూడా నేనే," అని తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. ఆ అమ్మాయి సంచీ తీసుకుని వెళ్లిపోయింది. వారంలో అలా అయిదుగురు వెళ్లారు. మేడం జీవమ్మను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. జుట్టు పోయినప్పుడు జీవమ్మను ఇంటికి పంపేయకుండా ఉంచుకున్నది ఆవిడే. ఫోటో తీసేయమని జీవమ్మ అడిగింది. మేడం కుదరదంది, గుడ్డ కట్టుకోమంది. "అయితే ఖలాస్ మేడం," అని జీవమ్మ లేచింది. నెల తిరక్కుండా ఆమెకూ మెర్సీకీ ఊరికి టికెట్లు వచ్చాయి.

ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. మెర్సీ సామాన్ బండి తోసుకుంటూ వెళ్లి లైనులో నిలబడింది, తల మీద అదే గుడ్డ. జీవమ్మ చేతిసంచీలోంచి బట్టలో చుట్టిన పొట్లం తీసింది. ఇనప దువ్వెన. నా చేతికి ఇవ్వబోతుంటే నేను ఆగలేకపోయాను.

"అక్కా, ఒకటి చెప్పాలి. మండుతుందని అది రెండుసార్లు చెప్పింది. నేనే కడగలేదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావు దాంతో?"

"ఓర్చుకోమన్నాను."

జీవమ్మ దువ్వెన వైపు చూస్తూ నిలబడింది. మనుషులు మమ్మల్ని తప్పుకుంటూ బళ్లు తోసుకుపోతున్నారు. ఆమె బోడితల వైపు చూసి ఒక పిల్లవాడు వాళ్లమ్మ కొంగు లాగాడు.

"నాతోనూ అదే మాటన్నారే దుర్గా," అంది.

ఇక ఇవ్వదనుకున్నాను. ఇచ్చింది. నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, వాటి మీద తన చెయ్యి కాసేపు ఉంచింది.

"ముందు కాగితం మీద చూడు," అంది. "తర్వాతే తల మీద."

మెర్సీ లైనులోంచి పిలుస్తోంది. ఆమె వెళ్లిపోయింది.